పైడమ్మ లేచి నిలబడిన రోజు

సముద్రం ఊరికి ఇప్పటికంటే ఇంకో కేక దూరంలో ఉండేదట, అప్పటి మాట.

ఆ ఒడ్డున ఒక పెద్ద బడి. దానికి మూడు సత్రాలు. ఒకదాంట్లో ఈ నేల విద్యార్థులు, ఒకదాంట్లో ఎడారి దేశం వాళ్లు, ఒకదాంట్లో దీవుల వాళ్లు. ఒక సత్రం వాళ్లు ఇంకో సత్రం గడప తొక్కకూడదు. అదీ కట్టుబాటు.

మూడు గడపలూ తొక్కేది పైడమ్మ ఒక్కతే. నీళ్లు మోసే మనిషి. అక్షరం ముక్క రాదు గానీ, ప్రతిదీ తెలుసుకోవాలి ఆవిడకి. "మీ దేశంలో దీన్నేమంటారు నాయనా? మరి దాన్నో?" అని అడిగేది. అడిగి అడిగి మూడు భాషలూ పట్టేసింది.

ఒక ఏడు మన రాజుకీ దీవుల రాజుకీ చెడింది. దీవుల విద్యార్థులంతా వచ్చే ఓడకి వెళ్లిపోవాలని చాటింపు వేశారు. వాళ్లలో తమారు అనేవాడు, "మేమేం తప్పు చేశాం?" అని అడిగాడు. పట్టుకెళ్లి ఉప్పుకొట్టులో పెట్టారు.

పైడమ్మ కిటికీలోంచి అతనికి నీళ్లు పోసింది. "నేనిక్కడున్నట్టు ఎవరికైనా తెలుసా అమ్మా?" అన్నాడతను.

బిందె అక్కడే పెట్టేసి బయల్దేరింది పైడమ్మ.

దీవుల సత్రంలో మూటలు కట్టుకుంటున్నారు. "అడిగితే మమ్మల్నీ లోపల వేస్తారు" అన్నారు.

ఎడారి సత్రంలో, "రేపు మా వంతు రాకుంటే చాలు" అన్నారు.

ఈ నేల సత్రంలో, "మనకెందుకు పైడమ్మా?" అన్నారు.

"ఎందుకో నాకూ తెలీదు నాయనా. 'మేమేం తప్పు చేశాం' అని తమారు అడిగినదానికి జవాబేంటో తెలుసుకోవాలని లేదా మీకు? ఇన్ని పుస్తకాలు చదువుతారే!"

ఆ మాటే మూడు సత్రాల్లో మూడు భాషల్లో అంది. సాయంత్రానికి అందరూ వచ్చి ఉప్పుకొట్టు ముందు కూర్చున్నారు. మొదటిరోజు కాపలావాళ్లు నవ్వారు. రెండోరోజు కర్రలు తెచ్చారు. మూడోరోజు మంత్రే వచ్చాడు.

"దీవులవాళ్లు లేచి నిలబడండి, ఓడెక్కిస్తాం. మిగతావాళ్లు పోయి చదువుకోండి."

ఎవరూ కదల్లేదు. పైడమ్మే ముందు లేచింది.

"నీది ఏ దీవి?" అన్నాడు మంత్రి.

"ఏరు దాటి కూడా ఎరగను బాబూ. మావాళ్లని పిలిచారు కదాని లేచాను."

ఎడారి వాళ్లు లేచారు. ఈ నేల వాళ్లు లేచారు. ఆఖర్న దీవుల వాళ్లూ లేచారు. ఎవరు ఎవరో మంత్రికి తెలియలేదు. అందర్నీ ఎక్కించడానికి ఓడ చాలదు. తమారుని వదిలేశారు. ఓడ ఖాళీగా పోయింది.

పైడమ్మని మాత్రం పనిలోంచి తీసేశారు. అప్పట్నుంచి ఆమె ఇంటికి నీళ్లు విద్యార్థులే మోశారు. ముసలిదై ఆమె పోయినప్పుడు మూడు దేశాల వాళ్లూ పాడె మోశారు.

ఇప్పటికీ ఆ బడి తెరిచే రోజున హాజరులో మొదట పిలిచే పేరు పైడమ్మదే. ఆ ఏడు అందరికంటే దూరం నుంచి వచ్చినవాళ్లు లేచి పలుకుతారు. వెంటనే బడంతా లేస్తుంది. ఎవరీ పైడమ్మ అని కొత్తవాళ్లు అడుగుతారు. అడిగినవాళ్లకి ఈ కథ చెబుతారు.