మూసుకున్న తలుపు

పెంచలయ్య మొదటి బొమ్మ విమానం ఆగమంటే ఆగలేదు. చక్కగా నేల మీద దిగింది. దిగినాక కూడా ఇంజను కూతపెడుతూనే పోయి, ఉప్పుమళ్ల గట్టున తుమ్మకంపలో పడి ముక్కలైంది.

బొమ్మ అంటే ఉత్త బొమ్మా కాదు మరి. గుప్పిట్లో పట్టేంత ఇంజనే గానీ నూనె తాగుతుంది, పొగ వదులుతుంది. దాని గొంతులో గోరంత తలుపు ఒకటి ఉంటుంది. అది తెరుచుకుంటే గాలి ఆడి ఇంజను ఉరుకుతుంది. మూసుకుంటే ఊపిరాడక ఆగిపోతుంది. ఆ తలుపును సన్నని కడ్డీతో లాగేదీ నెట్టేదీ సర్వో అనే బుల్లి మోటారు చెయ్యి. మనిషి నేల మీద నిలబడి రిమోటులో పుల్ల కదిపితే, ఎక్కడో మబ్బుల కింద ఆ చెయ్యి కదులుతుంది. ఎంత వింత! రెక్కలకూ తోకకూ కూడా అట్లాంటి చేతులే. అన్నిటికీ కలిపి కడుపులో ఒకటే బ్యాటరీ.

మొదటి విమానంలో తలుపు పూర్తిగా మూసుకోలేదు. కడ్డీ వదులైందన్నారు అందరూ.

ఆ మాటకు పెంచలయ్యకు తల కొట్టేసినట్టయింది. ఊళ్లో బోరు మోటార్లు దించేది అతనే. ఏ బోల్టయినా ఇంక తిరగనని మొండికేస్తేనే పానా పక్కన పెట్టే మనిషి. వదులంటే అతనికి తిట్టుతో సమానం.

వానాకాలమంతా కూర్చుని రెండో విమానం కట్టాడు. రెక్కల మీద పరచడానికి భార్య సుబ్బరత్నమ్మ తన పెళ్లినాటి పట్టుచీర ఇచ్చింది.

"దీన్ని కూడా కంపలో వేసొచ్చావనుకో, ఇంక ఈ ఇంట్లో విమానం మాట ఎత్తగూడదు" అంది. నవ్వుతూ అనలేదు.

ఓ పొద్దున విమానాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని మస్తాన్ సాహెబు షెడ్డుకు పోయాడు. ఉప్పుమళ్ల పక్క చౌడు నేలలో విమానాలు ఎగరేసే వాళ్లందరికీ ఆయనే ఉస్తాదు. ఆయన సరేననందే అక్కడ ఏదీ నేల వదలదు.

"చూడండి ఉస్తాద్!" పెంచలయ్య రిమోటులో పుల్ల కిందికి లాగాడు. చెయ్యి కడ్డీని నెట్టింది. తలుపు టక్కున మూసుకుంది. "వెంట్రుక దూరదు. ఈసారి ఆగకుండా ఎక్కడికి పోతుందో చూస్తా."

ఉస్తాదు తలుపు వంక చూడలేదు. వంగి విమానం పొట్టకు చెవి ఆనించాడు. లోపల తుమ్మెద చిక్కుకున్నట్టు సన్నగా జుమ్మని మోత.

"ఏమంటా ఉందిది?"

"అది పట్టు ఉస్తాద్, పట్టు! మూసింది చాలదని ఇంకా బిగబడతా ఉంది. నా పౌరుషం దీనికీ వచ్చినట్టుంది."

"మంచిదేలే. గాలి కొడతా ఉంది, ఆ తలుపెయ్యి. టీ తాగుదాం."

పెంచలయ్య షెడ్డు తలుపు వేసి గడియ పెట్టాడు.

"నెట్టు" అన్నాడు ఉస్తాదు.

"గడియ కూడా పెట్టాను ఉస్తాద్."

"కళ్లు కనపడతానే ఉండాయి. నెట్టు."

ఉస్తాదు మాట కాదనలేక కుడిచెయ్యి ఆనించి నెట్టాడు. ఉస్తాదు స్టవ్ వెలిగించాడు. నీళ్లు పెట్టాడు. అల్లం ముక్క వెతికి, తీరిగ్గా దంచాడు.

"నెడతా ఉన్నావా?"

"నెడతానే ఉన్నా."

"పౌరుషం చాలినట్టు లేదే. ఇంకాస్త!"

పెంచలయ్య పళ్లు బిగించాడు. చెమటలు కారుతున్నాయి. భుజం లాగేస్తోంది.

"ఎంత నెట్టినా ఇంతకన్నా ఏం మూసుకుంటది ఉస్తాద్?"

"పట్టు వదలబాక. ఇదిగో, ఎడమ చేత్తో టీ అందుకో."

పెంచలయ్య ఎడమచెయ్యి చాచి గ్లాసు పట్టుకున్నాడు. పట్టుకోగానే ఆ చెయ్యి గడగడ వణికింది. వేడి వేడి టీ చొక్కా మీద ఒలికింది.

"ఆ చేతికేమొచ్చింది?" అన్నాడు ఉస్తాదు. "అది ఇందాకట్నుంచీ ఖాళీగానే ఉందే!"

పెంచలయ్య తలుపు మీంచి కుడిచెయ్యి తీసి విమానం వైపు తిరిగాడు.

బల్ల మీద విమానం ఇంకా జుమ్మంటూనే ఉంది. రెక్కల చేతులు, తోక చేతులు ఊరికే ఉన్నాయి. వాటికీ ఆ ఒక్క బ్యాటరీయే దిక్కు. రెక్క మీద సుబ్బరత్నమ్మ చీర జరీ తళుక్కుమంటోంది.

గ్లాసు కింద పెట్టి, విమానం దగ్గరికి పోయాడు. కడ్డీ కొక్కెం ఊడదీసి, దాన్ని కాస్త తిప్పి మళ్లీ తగిలించాడు. మోత సన్నబడింది. ఇంకాస్త తిప్పాడు. తలుపు మూసుకున్న చోటే చెయ్యి కూడా ఆగింది. పుల్ల పైకి తోశాడు. తలుపు బార్లా తెరుచుకున్న చోట మళ్లీ అదే మోత. ఊపు తగ్గేలా కడ్డీని మోటారు చేతికున్న బెజ్జాల్లో ఒక బెజ్జం లోపలికి మార్చి, రెండు చివరలూ మొదట్నుంచీ సరిచూసుకున్నాడు. అతని టీ మీద మీగడ కట్టింది. ఉస్తాదు తొందర పెట్టలేదు.

చివరికి అడిగాడు. "ఇప్పుడేమంటా ఉంది?"

పెంచలయ్య విమానం పొట్టకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఏమీ అనడం లేదు ఉస్తాద్."

"అయితే ఆ తలుపు తియ్యి. ఎగరేద్దాం."