కోటప్పకు తాఖీదు

పూర్వం ఒక పట్నంలో అద్దకాల కొట్టు నడిపే కోటప్ప చనిపోయాడు. చచ్చినవాడి పేరు అచ్చుపడ్డ బట్ట పెళ్ళికి ఎవరు కొంటారు? కొట్టు పేరు మారకపోతే పొయ్యి వెలగదని అతని భార్య సూరాలమ్మ, పేర్లు నమోదు చేసే అధికారి దగ్గరికి వెళ్ళింది.

“పేరు ఎవరిదో వాళ్ళే వచ్చి ఒప్పుకోవాలి. అదీ చట్టం,” అన్నాడాయన.

“పోయినవారు నేను పిలిస్తే వస్తారా బాబయ్యా? తమరే తాఖీదు ఇప్పించండి.”

అధికారి పకపకా నవ్వి, “కోటప్పా, ఎక్కడున్నా వచ్చి మా ఎదుట నిలబడు” అని రాసి ముద్ర గుద్దాడు. సూరాలమ్మ దాన్ని తీసుకెళ్ళి శ్మశానంలో పెట్టి వచ్చింది.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి వీధి నుంచి కచేరీ లోపలిదాకా నీలిరంగు అడుగులు. అవి అధికారి పీట ముందు ఆగిపోయాయి. ఆయన కాళ్ళు పీట మీదికి ముడుచుకుని కూర్చున్నాడు.

“మావారు వచ్చారుగా బాబయ్యా! తమరు రమ్మని రాశారు, పొమ్మని రాయలేదు. వచ్చిన పని అయితేనే కదా కదిలేది?”

అధికారి ఆ క్షణమే పేరు మార్చి ముద్ర వేశాడు.

కాగితం కొంగున ముడేసుకుని సూరాలమ్మ వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. వేకువనే భర్త చెక్క పావుకోళ్ళు నీలిలో ముంచి అచ్చులు వేసింది తనే. కానీ కచేరీ గడప బయటే ఆపేసింది. లోపల పీట దాకా ఉన్నవి వట్టి పాదాల గుర్తులు.