చీర చాలని బొంత

రామజోగి గారిని ఎవరేమడిగినా సమాధానం వెంటనే వచ్చేది కాదు. ఏదో ఒక పని చెప్పి పంపేవారు. అది తెలిసి కూడా శిష్యురాలు సూరీడమ్మ ఒక చలి పొద్దున కూతురిని వెంటబెట్టుకుని వచ్చి ఆయన అరుగు మీద కూర్చుంది.

ఆమె చెల్లెలు ఆ మధ్యనే పోయింది. చెల్లెలి మొగుడు అంతకు ముందే పోయాడు. వాళ్ల పిల్ల గవరమ్మ ఎవరో బంధువుల పంచన ఉంది. ఆ పిల్లను తెచ్చుకోవాలని సూరీడమ్మకు ఉంది, అత్తగారికి లేదు.

"ఒక బిడ్డ ఉన్నచోట ఇద్దరవుతారు. బరువు రెండింతలే కదా గురువుగారూ? అంతైతే మోయగలను."

ఆయన పాప కప్పుకున్న బొంత వైపు చూశారు. ముందు దాన్ని ఇద్దరికీ సరిపడేలా పెంచమన్నారు. పిల్లలు ఎదుగుతారు గనుక పొడవూ రెండింతలు చేయాలి, వెడల్పూ రెండింతలు చేయాలి.

ఆ బొంతకు ఒక పాత చీర పట్టింది. రెండింతలంటే ఇంకొకటి చాలనుకుని సూరీడమ్మ పెట్టె అడుగున ఉన్నది తీసింది. నేల మీద బొంత పరిచి, గురువుగారు చెప్పిన కొలతకు సుద్దతో గీతలు గీసింది. చీరను అదే మందాన మడిచి బొంత పక్కన వేసింది. ఆ రెంటికీ దిగువన మళ్లీ అంత చోటు ఖాళీగా ఉంది. బొంతకు దిగువన ఇంకో చీర వేసినా, మూలన ఇంకొకటి పడుతుంది. మొత్తం నాలుగింతలు. ఇంట్లో ఇక పాత చీర లేదు. ఆమె గీతల మధ్య చతికిలబడిపోయింది. బొంత మాట అటుంచి, పిల్ల సంగతి తలుచుకుంటేనే భయం వేసింది.

అత్తగారు పోలమ్మ ఆ గీతల వైపు చూసింది. తర్వాత లోపలికెళ్లి ఒక చీర తెచ్చి ఆ ఖాళీలో పడేసింది. "ఎలుక కొట్టింది. నాకు పనికిరాదు," అంది. సూరీడమ్మ ఎంత వెతికినా అందులో చిల్లు కనబడలేదు.

మర్నాడే వెళ్లి పిల్లను తెచ్చుకుంది. గవరమ్మ ఒళ్లో చిన్న మూట పెట్టుకుని గోడవార కూర్చుంది. అత్తాకోడళ్లు అందినంత మేర కుడుతున్నారు. మూల ఖాళీగానే ఉంది.

"పెద్దమ్మా, ఇక్కడ గుడ్డ లేదేం?" అని చాలాసేపటికి అడిగింది పిల్ల.

ఉన్నవన్నీ అయిపోయాయని సూరీడమ్మ చెప్పింది. గవరమ్మ మూట విప్పి, వాళ్లమ్మ చీర తీసి ఆ మూలన పరిచింది. ముడతలు పోయేదాకా చేత్తో సవరించింది. ఆ చీర మీద సూది దించడానికి సూరీడమ్మకు చెయ్యాడలేదు. పోలమ్మ మాత్రం పిల్లను దగ్గరకు లాక్కుని, తన కళ్లకు ఆనడం లేదని, సూదిలో దారం ఎక్కించి పెట్టమంది.

చలి తగ్గాక సూరీడమ్మ పిల్లలిద్దరితో గురువుగారి దగ్గరకు వచ్చింది. ఒకరికి జ్వరమొస్తే ఇద్దరికీ వస్తోందనీ, ఒకరు అలిగితే రెండోవాళ్లూ అన్నం మానేస్తున్నారనీ, మధ్యలో అత్తగారిని కూడా బతిమాలుకోవలసి వస్తోందనీ నవ్వుతూనే మొరపెట్టుకుంది.

"నాలుగింతలవుతుందని ఆనాడే చెప్పి ఉంటే మొదలుపెట్టేదాన్నే కాదు గురువుగారూ."

రామజోగి గారు గవరమ్మ చేతిలో బెల్లం ముక్క పెట్టి అన్నారు: "తెలిస్తే ఎవరు మొదలుపెడతారు తల్లీ."