కాటుకమ్మ కొన్న ఫోను

ఏటి ఒడ్డు రెల్లుపొదల్లో అందరికీ ఫోన్లు వచ్చేశాయి, ఒక్క గేదె కాటుకమ్మకు తప్ప. ఇప్పుడామెకూ అవసరం పడింది. కూతురు పొన్ని ఏటి నడుమ లంకలో నిండు చూలుతో ఉంది. తొలిచూలు దూడను తల్లికంటే ముందు అమ్మమ్మ నాకాలని వాళ్ళింటి ఆచారం. కాటుకమ్మను వాళ్ళ అమ్మమ్మ అలాగే నాకిందట. సమయానికి కబురు అందకపోతే ఆ వరుస తెగిపోతుంది. లంకలో ఉండే కొంగ తెల్లవ్వ మేతకు ఇటు వచ్చిపోతుంది గానీ, ఆమె వచ్చేదాకా నొప్పులు ఆగవు కదా! తెల్లవ్వ దగ్గర ఫోనుంది. లేనిది ఇటువైపే.

"నాకు తగిన ఫోను తెచ్చినవాణ్ణి వీపు మీద లంకకు దాటిస్తాను" అంది కాటుకమ్మ.

నక్క జంబయ్యకూ కోతి కొండాలుకూ నోరూరింది. లంక నిండా పుచ్చపాదులు. ఏటి వడి అంటే ఇద్దరికీ హడలు.

జంబయ్య నెమలి గుర్తున్న ఫోను పట్టుకొచ్చాడు. "ఎంత నున్నగా ఉందో చూడత్తా! ఫోటో తీస్తే నీ కొమ్ములు వెండివనుకుంటారు. పైగా దొంగలకు తెరుచుకోదు."

"అత్తకైనా తెరుచుకుంటుందా?" కొండాలు కిచకిచ నవ్వాడు. "నా పిచ్చుక గుర్తు ఫోను చూడత్తా! అక్షరాలు గుమ్మడికాయంత చేసుకోవచ్చు. మోత మార్చుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు..."

"మార్చి మార్చి ఫోను చేయడం మరిచిపోవచ్చు!"

"నీదానికి చార్జరు కావాలన్నా నీ బొరియకే వచ్చి అడుక్కోవాలి కదరా!"

కాటుకమ్మ తోకతో ఈగలు తోలుకుంది. "బాగుంది నాయనా. కానీ నాకున్నవి గిట్టలూ తడి ముక్కూను. నీ ఫోను వాడికివ్వు, వాడిది నువ్వు తీసుకో. అలవాటు లేనివాడికి ఏది సులువైతే అదే నాకు."

ఎదుటివాడి ఫోను వాడటం రానట్టు నటిస్తే సరిపోతుందనుకున్నాడు జంబయ్య. పిచ్చుక ఫోనును తలకిందులుగా పట్టుకుని, "రామ రామ! ఇదెక్కడ నొక్కాలి?" అని మూలిగాడు. కొండాలు నెమలి ఫోనుతో వీపు గోక్కుంటూ, "ఇదేనా దీని ఉపయోగం?" అన్నాడు.

కాటుకమ్మ కోప్పడలేదు. "పోనీలెండి. మాగిన ఈతపండ్ల గెల ఒకటి దాచాను. ఎక్కడుందో పొద్దున తెల్లవ్వకు చెప్పాను. మీరు తెచ్చే రెండు ఫోన్లకూ ఈ వేళకు పంపిస్తానంది. ముందు చదివినవాడిదే గెల."

ఆ మాట పూర్తవకుండానే రెండు ఫోన్లూ టింగుమన్నాయి.

జంబయ్య పంజా తెర మీద ఇలా పడిందో లేదో, అక్షరాలు కళ్ళముందు నిలిచాయి. "మొగలిపొద వెనక, పుట్ట పక్కన!" అని అరుస్తూ ఒక్క ఉరుకు ఉరికాడు.

కొండాలుకు చెమటలు పట్టాయి. "ముఖం చూపమంటోంది. చూపాను. నువ్వు కాదంటోంది. పళ్ళికిలించాను, అయినా కాదంటోంది! ఎవరి ముఖం కావాలే నీకు?"

నోటినిండా పండ్లతో తిరిగొచ్చిన జంబయ్య ఎదుట కాటుకమ్మ నెమలి ఫోను పెట్టించింది. అది టక్కున తెరుచుకుంది.

"నీ ముఖమా అల్లుడూ! అవతల నా కూతురు నొప్పులు పడుతుంటే, నేను నిన్ను వెతుక్కుంటూ తిరగాలన్నమాట."

"భద్రత కోసమత్తా..." జంబయ్య గొంతులో గింజ అడ్డుపడింది. "అయినా ఆ పిచ్చుక చాలా కష్టం..."

"కష్టమైతే ఆ పండ్లు నీ నోట్లోకెలా వచ్చాయి నాయనా?"

కాటుకమ్మ పిచ్చుక ఫోనును మెడకు కట్టించుకుంది. కాసేపటికే అది మోగింది. కొండాలు ఎత్తి చూపితే తడి ముక్కుతో తాకింది.

"అమ్మా, మొదలయ్యాయే!"

"భయపడకు తల్లీ. దేవుణ్ణి తలుచుకో, వచ్చేస్తున్నాను."

కొండాలును వీపు మీద ఎక్కించుకుని కాటుకమ్మ నీళ్ళలోకి దిగింది. దిగి, వెనక్కి తిరిగి చూసింది. "నీ ఫోను చెడ్డదేమీ కాదు అల్లుడూ. నీ ముఖం తీసేసి తీసుకురా, మా చెల్లెలికి ఇప్పిస్తాను."

పొద్దు వాలకముందే పొన్ని ఈనింది. అమ్మమ్మ నాలుక తగలగానే దూడ ఒక్క తుమ్ము తుమ్మి, వణికే కాళ్ళ మీద లేచి నిలబడింది. ఇవతలి ఒడ్డున జంబయ్య ఈతగింజలు ఉమ్ముకుంటూ, లంకలో కొండాలు పగలగొడుతున్న పుచ్చకాయల చప్పుడు వింటూ కూర్చున్నాడు.

నీతి: వస్తువు మంచిచెడ్డలు అమ్మేవాడి పొగడ్తలో కాదు, అవసరానికి వాడినప్పుడే తెలుస్తాయి.