ఉప్పలయ్య బండికి మెట్టు

చెప్పండి, మీరేం చూశారు? మిరప కోతల రోజుల్లో పొద్దున్నే రోడ్డు పక్కన పికప్ బండి ఆగుతుంది. ఆడకూలీలు ఎక్కుతారు. బండి పోతుంది. ఇంతే కదా మీరు చూసింది? ఎలా ఎక్కారో చూశారా? ఒక కాలు టైరు మీద పెట్టి, ఒక చేత్తో తొట్టి అంచు పట్టుకుని, కుచ్చిళ్ళు పళ్ళతో కరిచి, పైనుంచి ఒకరు లాగితే కిందనుంచి ఒకరు నెడితే ఎక్కుతారు. సంచులు కూడా అంత అవస్థ పడవు! చూడలేదంటే వినండి.

ఖమ్మం వైపు ఎర్రచెల్క అనే ఊళ్ళో ఉప్పలయ్య అనే పికప్ బండి యజమాని ఉండేవాడు. మనసు మంచిదే. కానీ ఎవరినీ ఏదీ అడగడం అతనికి చేతకాదు. అంతా తనకే తెలుసనుకునేవాడు.

అతని బండిలో రోజూ కోటమ్మ కూలీల ముఠా మిరప కోతకు వెళ్ళేది. ఆ ముఠాలో సైదమ్మ వయసులో పెద్దది. కాయ కోయడంలో ఆమె చేతుల వేగం ఎవరికీ లేదు. మోకాళ్ళు మాత్రం అరిగిపోయాయి. ఆమె ఎక్కేసరికి బండి ఆలస్యమయ్యేది. రైతులు కేకలేసేవారు. కోత కాలం పని పోతే సైదమ్మకు ఏడాదంతా గింజలుండవు. ఆమె ఒంటరిది.

ఉప్పలయ్యకు జాలి వేసింది. బండికి మెట్టు పెట్టిద్దామనుకున్నాడు. మంచి ఆలోచన! వెల్డింగు చేసే యాకూబ్ దగ్గరికి పోయాడు.

"ఎంత ఎత్తులో పెట్టాలన్నా?" అని యాకూబ్ అడిగాడు.

"నా మోకాలి కాడ గుర్తు పెట్టు. చేత పట్టే నాగలి మేడి కూడా మా తాత మనిషి కొలతకే చేయించేటోడు. బండి నాది, కొలత నాది!" అన్నాడు ఉప్పలయ్య.

ఉప్పలయ్య ఆరడుగుల పొడగరి. యాకూబ్ చెప్పినచోటే గట్టి ఇనుప మెట్టు బిగించాడు. పైన జారకుండా గళ్ళ రేకు వేశాడు. ఉప్పలయ్య దానికి పసుపు రాసి, బంతిపూల దండ కట్టాడు.

మర్నాడు ముఠా ముందు, తాత మేడి కొలత సంగతి మళ్ళీ గొప్పగా చెప్పి, కొబ్బరికాయ కొట్టాడు. ఒక్క అంగలో మెట్టెక్కి, రెండో అంగలో తొట్టిలో నిలబడ్డాడు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. సైదమ్మ ముఖం వెలిగిపోయింది.

"దా సైదమ్మత్తా! మొదటి బోణీ నీదే!"

అప్పుడే ఫోను మోగింది. రైతు భద్రయ్య అరుస్తున్నాడు. "మబ్బు కమ్ముకొస్తోంది ఉప్పలయ్యా! కల్లంలో కాయంతా ఆరబోసి ఉంది! తొందరగా తోలుకురా!"

పడమట ఆకాశం నల్లగా ఉంది. గాలి లేచింది. ఎండిన మిరప తడిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. నల్లబడుతుంది, బూజు పడుతుంది, ఏడాది కష్టం మట్టిపాలవుతుంది.

"ఎక్కండి, ఎక్కండి!" అని ఉప్పలయ్య తొందర చేశాడు.

సైదమ్మ కాలెత్తింది. పాదం మెట్టు దాకా రాలేదు. మళ్ళీ ఎత్తింది. వేళ్ళు అంచుకు తగిలాయి, జారాయి. మెట్టు అంచు కాలికి గీసుకుని రక్తం వచ్చింది. బంతిపూలు తెగి కింద రాలాయి.

"కొంచెం ఎగరత్తా!"

"ఎగరడానికి నేను మేకపిల్లనా కొడుకా?"

ఉప్పలయ్యకు మబ్బు చూస్తే భయం, మెట్టు చూస్తే రోషం. నోరు జారాడు. "ఇంత ఖర్చు పెట్టి మెట్టు పెట్టిస్తే కూడా ఎక్కలేకపోతే, రేపటి సంది ఇంటికాడ కూచో!"

సైదమ్మ సద్ది గిన్నె చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది.

కోటమ్మ కొంగు నడుముకు బిగించి ముందుకొచ్చింది. "ఆగు సైదమ్మా! నేనెక్కి చూస్తా." ఆమె పొట్టిది. కాలు పెట్టింది గానీ చీర అడ్డం పడి, వెల్లకిలా పడబోయింది. ఇద్దరు పట్టుకున్నారు. అందరూ పకపకా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఈ మెట్టు ఎవరికి పెట్టించినవన్నా? నీకా, మాకా? నువ్వు డ్రైవర్ సీట్లో కూచుంటవు. తొట్టిలో ఎక్కేది మేం! మా కాలు ఎంత లేస్తదో ఒక్కనాడన్నా అడిగినవా?"

పోతున్న సైదమ్మ ఆగి, ఇటు తిరిగింది. "మీ తాత చేయించింది సరైందే కొడుకా. మేడికి పట్టేటోని కొలత. మరి మెట్టుకు ఎక్కేటోని కొలత కాదా?"

భద్రయ్య మళ్ళీ ఫోను చేశాడు. దూరంగా ఉరిమింది. "మెట్టు సంగతి రేపు చూద్దాం, లాగి ఎక్కించండి" అందామనుకున్నాడు ఉప్పలయ్య. సైదమ్మ కాలిమీద రక్తం చూశాడు. అనలేకపోయాడు.

"నడువుండ్రి యాకూబ్ కొట్టుకు!" అన్నాడు.

కొట్టు నాలుగంగల దూరమే. ఆడవాళ్ళు సైదమ్మకు ఆసరా ఇచ్చి బండి వెంట నడిచారు. ఉప్పలయ్య బండి ఆపి దిగి, సైదమ్మ ముందు నిలబడ్డాడు.

"అత్తా, నొప్పి లేకుండ ఎంత లేస్తే అంతే లేపు."

సైదమ్మ కాలు లేపింది. యాకూబ్ అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. నేల నుంచి జానెడుకు కాస్త పైన ఉందది!

"అంత కింద పెడితే పొలం గట్లకు తగులుద్ది" అన్నాడు ఉప్పలయ్య.

"పై మెట్టు ఉండనీ. దాని కింద ఇంకో మెట్టు తలుపు కీళ్ళతో వేలాడదీద్దాం. బండి నడిచేటప్పుడు పైకి మడిచి కొక్కెం పెట్టు" అన్నాడు యాకూబ్.

"పట్టుకోడానికి ఒక కమ్మి కూడా!" అంది కోటమ్మ.

నిప్పురవ్వలు చిమ్మాయి. సుత్తి మోగింది. ఆకాశం ఇంకా నల్లబడింది. ఇనుము చల్లారడానికి కోటమ్మే బిందెతో నీళ్ళు కుమ్మరించింది. సైదమ్మ కమ్మి పట్టుకుంది. ఒక అడుగు. రెండో అడుగు. తొట్టిలో ఉంది! ఎవరూ లాగలేదు, ఎవరూ నెట్టలేదు. ఆ వెనకే ముఠా అంతా చకచకా ఎక్కేసింది.

కల్లం చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. అందరూ దిగి కాయను కుప్పలు చేసి టార్పాలిన్ పట్టాలు కప్పారు. సైదమ్మ చేతులు చక్రాల్లా తిరిగాయి. అయినా ఒక మూల కాయ తడిసింది. భద్రయ్య ఉప్పలయ్యను చెడామడా తిట్టాడు.

"తిట్టు బావా, తప్పు నాదే. నిన్ననే వీళ్ళను ఒక్క మాట అడిగుంటే ఇది కూడా దక్కేది" అన్నాడు ఉప్పలయ్య. అందరిముందూ సైదమ్మ వైపు తిరిగాడు. "ఇంటికాడ కూచోమన్న మాట వెనక్కి తీసుకుంటున్నత్తా."

"తీసుకో. తీసుకుని ఆ పట్టా అంచు పట్టు, గాలికి లేస్తోంది!" అంది సైదమ్మ.

నీతి ఇదే: ఒకరికి మేలు చేయాలంటే మన కొలత పనికిరాదు, ముందు వాళ్ళను అడగాలి. అడగకుండా చేసిన మేలు మన గొప్పకే గానీ వాళ్ళ కాలికి అందదు. మరి మీరు మీవాళ్ళ కోసం ఇంత చేశాం, అంత చేశాం అంటారే, అందులో వాళ్ళను అడిగి చేసింది ఏది?