దివానుగారి నెమళ్ల ఊయల

ఏ రాజ్యమో సరిగ్గా గుర్తులేదు గాని, రాజుగారి మనవడి బారసాలకి దివాను శరభయ్య దంతపు ఊయల తెచ్చాడు. లోపలంతా ముక్కులు చాచినట్టు చెక్కిన నెమళ్లే. దాది ఎంకటమ్మ ఒక ముక్కుని వేలితో తడిమి చూసింది.

"ఆ ముక్కులు బిడ్డకి గుచ్చుకుంటాయి బాబయ్యా. వేపచెక్క ఊయల చాలు."

"దంతంలో సుఖం నీకేం తెలుసే?" అన్నాడు దివాను. రాజుగారు ఎటూ తేల్చలేదు.

"సరే. బిడ్డకన్నా ముందు రుబ్బురోలు పొత్రాన్ని పడుకోబెట్టి ఊపడం ఆనవాయితీ కదా. చుట్టడానికి తమరి పట్టుశాలువా ఇప్పించండి" అంది ఎంకటమ్మ దివానుతో.

దివాను దర్జాగా ఇచ్చాడు. ఎంకటమ్మ పొత్రాన్ని అందులో చుట్టి, ఊయలలో పెట్టి, ఊపబోయిందో లేదో, ఆయన గంతేసి ఊయల పట్టుకున్నాడు.

"ఆగవే, ముక్కులకి తగిలి శాలువా చిరుగుతుంది."

సభంతా గొల్లున నవ్వింది. రాజుగారు కళ్లు తుడుచుకుంటూ, "మనవడికి వేపచెక్కదే తెండి. ఇది శరభయ్యగారింటికి పంపండి. శాలువా విప్పేసి ఆయనే ఇందులో పడుకుంటారు" అన్నారు.