ముడి వెయ్యని దుబ్బు

దగ్గరికి జరిగి పడుకో చిట్టీ. దుప్పటి కాళ్ళతో తన్నకు. ఇది కాస్త బరువైన కథ, మధ్యలో అల్లరి చేశావంటే ఆపేస్తాను.

అనగనగా ఒక ఏటి ఒడ్డున, ఒక ఊళ్ళో పారమ్మ అనే ఆవిడ ఉండేది. ఆ ఏడు వానల్లో గాలికి ఆవిడ ఇంటి కప్పు ఎగిరిపోయింది. మొండిగోడలు మిగిలాయి. కూతురు సూరీడమ్మేమో తొలి పురిటికి పుట్టింటికొచ్చి ఉంది. నెలలు నిండాయి. పసిగుడ్డు వచ్చేసరికి నెత్తిన నీడ ఉండాలి కదా, పారమ్మకి అదే బెంగ.

ఆ తర్వాత వానలు వెనకబట్టాయి. ఏరు తేటపడింది. ఒడ్డు పొడుగునా రెల్లు తెల్లగా పూసింది. ఆ ఊళ్ళో ఇళ్ళు కప్పుకునేది ఆ రెల్లుతోనే. ఎవరి ఇంటి ఎదుటి రెల్లు వాళ్ళది.

కానీ ఊరికి ఒక కట్టడి ఉంది. కోతకి ముందురోజు ఒక ఆడమనిషి ఒడ్డంతా నడవాలి. ప్రతి దుబ్బులోకీ వంగి చూడాలి. లోపల గూడో, పిల్లలో ఉంటే ఆ రెల్లు కొసలు కలిపి ముడి వెయ్యాలి. ముడి వేసిన దుబ్బు జోలికి ఇంక ఎవరూ పోరు. ఆ ఏడు నడిచే వంతు పారమ్మది.

పొద్దున్నే బయల్దేరింది. మంచుకి తడిసిన ఇసక కాళ్ళకి చల్లగా తగులుతోంది. లకుముకిపిట్ట ఒకటి నీళ్ళలో బుడుంగున మునిగి చేపతో పైకి లేచింది. ఒక దుబ్బులో నీటికోడి గుడ్ల మీద కూర్చుని బిక్కుబిక్కుమంటూ చూసింది. పారమ్మ ముడి వేసింది. ఆ తర్వాత ఇంకో దుబ్బు మొదట్లో తాబేలు ఇసక తవ్వి గుడ్లు పెడుతోంది. అక్కడా ముడి వేసింది.

ఆ తర్వాత తన ఇంటి ఎదుటి దుబ్బు వచ్చింది. లోపల ఏదో కదిలింది.

పారమ్మ ఆగిపోయింది. వంగితే కనపడుతుంది. కనపడితే ముడి వెయ్యాలి. ముడి వేస్తే కూతురి నెత్తిన కప్పు ఉండదు. అప్పుడు ఏం చేసిందనుకున్నావు? మొహం ఏటివైపు తిప్పుకుని నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు కొడవలి పట్టుకుని ఆ దుబ్బు కోసింది. కట్టల మీద కట్టలు కట్టింది. ఆఖరి కోతకి లోపల చెవులపిల్లి కూనలు, అదే కుందేలు పిల్లలు, మూడు బయటపడ్డాయి. రెండు వణుకుతున్నాయి. ఒకటి కదల్లేదు.

చచ్చిపోయింది తల్లీ. కథ కదా అని నీకు అబద్ధం చెప్పను.

పారమ్మ ఇసకలో కూలబడి ఏడ్చింది. పైన గద్ద తిరుగుతోంది. తల్లి చెవులపిల్లి మసక పడితే గానీ పాలివ్వడానికి రాదు. మనిషి పక్కనుంటే అసలే రాదు. వదిలిపోతే గద్ద ఊరుకోదు.

అప్పుడు పారమ్మ కట్టలన్నీ విప్పేసింది. రెల్లు మొదళ్ళు ఇసకలో పాతి, కూనల చుట్టూ మళ్ళీ దుబ్బులా నిలబెట్టింది. కొసలు కలిపి ముడి వేసింది. ఒక్క పుల్ల కూడా ఇంటికి తీసుకెళ్ళలేదు. చచ్చిన కూనని పూడ్చిపెట్టి, కోత కోస్తున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

"నాను సూడనేదు అప్పన్నమావా," అంది ఊరి పెద్దతో. "సూస్తే ముడెయ్యాలని, కావాలనే సూడనేదు. ఒక పేణం పోయింది."

అందరి కొడవళ్ళూ ఆగిపోయాయి. అప్పన్న తన కొడవలి కింద పెట్టాడు.

"కప్పుకి రెల్లు నేదని మాతో సెప్పొచ్చు కదే," అన్నాడు.

"సిగ్గేసింది మావా."

సిగ్గట! నోరు తెరిచి అడగలేక ఎంత పని చేసిందో చూడు.

అప్పన్న తన కట్ట ఒకటి నెత్తికెత్తుకుని పారమ్మ ఇంటివైపు నడిచాడు. ఆ తర్వాత పక్కింటావిడ ఒక కట్ట ఎత్తుకుంది. ఆ తర్వాత ఊరంతా కదిలింది. సాయంత్రానికి గోడల మీద కప్పు లేచింది. మర్నాడు ఆ ముడి దుబ్బు దగ్గర ఇసక మీద తల్లి చెవులపిల్లి అడుగులు కనపడ్డాయి.

కొన్నాళ్ళకి సూరీడమ్మకి ఆడపిల్ల పుట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చి బిడ్డని ఎత్తుకున్నారు. పారమ్మ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"మనవరాల్ని ఎత్తుకోవేటే అమ్మా?" అంది సూరీడమ్మ.

పారమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. "ఈ సేతుల్తోటేనే, ఆ కూనని..." అని ఆగిపోయింది.

సూరీడమ్మ పచ్చి బాలింత. అయినా మెల్లిగా లేచి వచ్చింది. తల్లి చేతులు ముందుకి లాగి, వాటిలో బిడ్డని పెట్టింది.

"మిగిలిన రెండిటినీ దాసిన సేతులు కూడా ఇవ్వేనే అమ్మా," అంది.

బిడ్డ ఆ చేతుల్లో ఒళ్ళు విరుచుకుని, ఆవలించి, కళ్ళు మూసుకుంది.

కథేమో కంచి దారి పట్టింది,
ఏరేమో సంద్రం దారి పట్టింది,
మా చిట్టి కళ్ళకి నిద్ర పట్టింది.